అటక మీది పాత సామాను విప్పితే నిజంగా ఇంజనీరింగ్ వస్తుందా? ఏది ముందు విప్పాలి?

కాకినాడ_కాజా
మెకానికల్ మూడో సంవత్సరం అయిపోయింది. ఫోర్ బార్ మెకానిజం బొమ్మ కళ్లు మూసుకుని గీస్తాను, క్యామ్ ప్రొఫైల్ లెక్కలు కూడా వచ్చు. మొన్న మా మేనత్త కుట్టు మిషన్ తొక్కుతూ "పై దారం కింది దారాన్ని ఎలా పట్టుకుంటుందే, నువ్వు చదివేది ఇదే కదా" అంది. నిజమే, సూది గుడ్డలోంచి పూర్తిగా అవతలికి వెళ్లదు, దిగిన దారినే పైకి వస్తుంది. మరి ముడి ఎలా పడుతోంది? క్లాసులో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు, మాకూ తట్టలేదు.

సెలవులు ఇచ్చారు. అటక మీద పాడైపోయిన మిక్సీ, రైస్ కుక్కర్, టేబుల్ ఫ్యాన్, తాతయ్య సైకిలు ఉన్నాయి. ఒక్కోటీ విప్పి చూద్దామని ప్లాన్. అమ్మ మాత్రం "విప్పడానికి నువ్వున్నావు, బిగించడానికి ఎవరున్నారు" అంటోంది. ఏది ముందు విప్పాలి? అసలు విప్పితే ఏమైనా వస్తుందా, స్క్రూలు పోగొట్టుకోవడమేనా?

స్పానర్_సుబ్బు
అమ్మగారు అడిగిందే అసలు క్వశ్చన్ పేపర్. మనం చదివేవన్నీ ఇంపార్టెంట్లు మాత్రమే.

హార్న్_ప్లీజ్
మిక్సీ ముందు. ఎలాగూ పాడైంది కదా, ఇంకా పాడు చేయడానికి ఏమీ మిగల్లేదు.

వైండింగ్_బాబాయ్
తల్లీ, ముందు విప్పకూడనివి చెప్తాను. మైక్రోవేవ్ ఒవెన్ జోలికి పోకు. లోపల కెపాసిటర్ మీద రెండు వేల వోల్టుల పైమాటే, ప్లగ్గు పీకేసినా ఛార్జి అందులో ఉండిపోవచ్చు. పాత డబ్బా టీవీ పిక్చర్ ట్యూబుదీ అదే కథ. ఫ్రిజ్ గ్యాస్ పైపు కొయ్యకు, ఇప్పుడొచ్చే వాటిలో చాలావాటికి మండే గ్యాసే పోస్తున్నారు. ఉబ్బిన ఫోన్ బ్యాటరీని గుచ్చకు.

విప్పి బిగించిన దాన్ని ఎప్పుడూ నేరుగా ప్లగ్గులో పెట్టొద్దు. సిరీస్ బోర్డు చేయించుకో. ఫేజు తీగ మధ్యలో 100 వాట్ల పాతకాలం ఫిలమెంట్ బల్బు ఉంటుంది. సామానులో షార్ట్ ఉంటే బల్బు ఫుల్లుగా వెలుగుతుంది, అంతకుమించి ఏమీ జరగదు, ఫ్యూజు పోదు. మోటారు బాగుంటే బల్బు డల్‌గా వెలుగుతుంది. అసలు వెలగలేదంటే లోపల ఎక్కడో తెగింది. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. ఒకటి గుర్తుపెట్టుకో, బల్బు ఉంది కదా అని చెయ్యి పెడితే షాకు మాత్రం మామూలుగానే కొడుతుంది.

కాకినాడ_కాజా
బాబాయ్ గారూ, బల్బు కూడా లోడే కాబట్టి కరెంటును అది అడ్డుకుంటుంది, అంతేనా? సిరీస్ సర్క్యూట్ లెక్కలు ఎన్ని చేశామో. ఇలా వాడతారని ఒక్కరూ చెప్పలేదు.

ల్యాబ్_కోటు
అందరూ ఉత్సాహంగా ఉన్నారు, నేను మాత్రం ఒప్పుకోను. కాలేజీలో పాఠాలు చెప్తాను. విప్పితే వచ్చిందనుకునేది చాలావరకు భ్రమ. మా పిల్లలు స్కూటర్ ఇంజను విప్పుతారు, ముక్కలు న్యూస్‌పేపర్ మీద పేర్చి ఫొటో తీసి స్టేటస్ పెడతారు. "పిస్టన్ రింగుకు ఆ కోత ఎందుకుంది" అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పార్టుల పేర్లు వచ్చినంత మాత్రాన సూత్రం వచ్చినట్టు కాదు. ముందు పుస్తకం పూర్తిగా చదవాలి.

సిద్దిపేట_చిన్నోడు
సార్, ఆ రింగు వాళ్ల చేతిలో ఉండబట్టే కదా మీరు ఆ ప్రశ్న అడగగలిగారు?

స్పానర్_సుబ్బు
చిన్నోడికి ఇంటర్నల్స్‌లో కోత ఖాయం.

ల్యాబ్_కోటు
ప్రశ్న నేను అడిగాను, వాళ్లు అడగలేదు. తేడా అక్కడుంది. వేడికి రింగు సాగుతుంది, ఆ సందు లేకపోతే రెండు కొసలూ ఒకదాన్నొకటి నెట్టుకుని సిలిండర్ గోడకు పట్టేస్తుంది. థర్మల్ ఎక్స్‌పాన్షన్ చదివిన వాడికి అది ఒక్క నిమిషంలో తట్టాలి.

నట్టుబోల్టు_నాగమణి
సార్ చెప్పిన జబ్బు నిజమే, మందు మాత్రం వేరే ఉంది. నేను డిజైన్‌లో పని చేస్తాను. కొత్తగా చేరిన వాళ్లకు నేను చెప్పేది ఇదీ: మూత తీయకముందు లోపల ఏముంటుందో కాగితం మీద గీయి. ఎలా ఉన్నా సరే గీయి. తర్వాత విప్పు. నీ బొమ్మకూ లోపలున్న దానికీ ఎక్కడ తేడా వచ్చిందో అక్కడ ఆగు. ఊరికే విప్పేస్తే ప్రతిదీ "ఓహో ఇంతేనా" అనిపిస్తుంది, ఏదీ గుర్తుండదు.

కాజా, మిక్సీ విప్పుతావు కాబట్టి ఒకటి చూడు. జారు అడుగున ఒక పళ్ల చక్రం, మోటారు మీద ఇంకొకటి ఉంటాయి. కప్లర్ అంటాం కదా, అదే. మోటారు వైపుది రబ్బరుదో నైలాన్‌దో అయి ఉంటుంది. ఉక్కుతో చేస్తే అరగదు కదా, ఎందుకు చెయ్యలేదు? జారులో ఎండుకొబ్బరి ముక్క ఇరుక్కుని బ్లేడు టక్కున ఆగిందనుకో. మోటారు ఇంకా తిరగాలనే చూస్తుంది. ఆ దెబ్బ ఎక్కడో ఒకచోట తగలాలి. మోటారు తీగ చుట్ట, అంటే వైండింగ్, కాలితే మిక్సీ కొత్తది కొనుక్కోవాలి, కప్లర్ పళ్లు ఊడితే కొద్ది డబ్బుల్లో పోతుంది. అంటే ఏది ముందు విరగాలో డిజైనర్ ముందే రాసిపెట్టాడు. మిక్సీ అడుగున ఎర్ర బొత్తాం ఉంటుంది చూశావా, ఓవర్‌లోడ్ ట్రిప్, అది రెండో కాపలా. కప్లర్ అరిగిపోతే మా అమ్మ "చీప్ ప్లాస్టిక్ పెట్టాడు" అని తిడుతుంది. చవక ముక్క పెట్టడం వల్లే మిక్సీ బతికిందని ఎంత చెప్పినా వినదు.

గట్టుమీది_రైతు
ట్రాక్టర్ వెనక తగిలించే రోటావేటర్‌కు షియర్ బోల్టు ఇలాగే. రాయి తగిలితే బోల్టు తెగుతుంది, గేర్‌బాక్స్ మిగులుతుంది. మా పక్క చేను ఆయన మాటిమాటికీ తెగుతోందని విసుగొచ్చి గట్టి హైటెన్సైల్ బోల్టు వేశాడు. తర్వాత ఏమైందో మీరే ఊహించుకోండి.

మిషిగన్_బావ
ఇక్కడ ఇళ్ల ముందు మంచు తోసే మిషన్లకు షియర్ పిన్నులు ప్యాకెట్ల లెక్కన అమ్ముతారు. గట్టి బోల్టు వేసే పక్కింటాయన మాత్రం ఇక్కడా ఉన్నాడు.

హార్న్_ప్లీజ్
మా ఇంట్లో ఏది పాడైనా ముందు విరిగేది నేనే. ఆ లెక్కన నేనూ సేఫ్టీ డివైస్‌నే.

కాకినాడ_కాజా
మొదలుపెట్టాను. టేబుల్ ఫ్యాన్‌తో. ముందు జాలీ తీశాను. రెక్కల మధ్యలో ప్లాస్టిక్ నట్టు ఎంత తిప్పినా రావడం లేదు, ఇంకా బిగుసుకుంటోంది. తుప్పా?

వైండింగ్_బాబాయ్
ఆగమ్మా ఆగు. అది రివర్స్ త్రెడ్డు. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పు, వదులవుతుంది. నట్టు మీద బాణం గుర్తు ఉంటుంది, దుమ్ము తుడిచి చూడు.

కాకినాడ_కాజా
వచ్చింది! బాణం కూడా ఉంది, పైన గ్రీజులాంటి మసి పట్టింది. ఎందుకు రివర్స్?

నట్టుబోల్టు_నాగమణి
ఎదురుగా నిలబడి చూస్తే రెక్కలు గడియారం దిశలో తిరుగుతాయి. స్విచ్ వేయగానే షాఫ్టు కదులుతుంది, రెక్కలూ నట్టూ ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తాయి. అంటే షాఫ్టుతో పోలిస్తే అవి వెనక్కి తిరుగుతున్నట్టు లెక్క. మామూలు త్రెడ్డయితే స్విచ్ వేసిన ప్రతిసారీ కొంచెం కొంచెం వదులైపోతుంది. ఎడమ త్రెడ్డు కాబట్టి అదే తోపుడుకు బిగుస్తుంది. చాలా మిక్సీల్లో కప్లర్ కూడా ఇలాగే ఉంటుంది, విప్పేటప్పుడు ముందు ఏ వైపో చూసుకో.

స్పానర్_సుబ్బు
సైకిల్ ఎడమ పెడల్ కూడా అంతే. పెడల్ తిరుగుడుకు రాపిడి వల్ల బిగుస్తుంది.

ల్యాబ్_కోటు
పెడల్ విషయంలో ఆ వివరణ తప్పు సుబ్బూ. లెక్క వేసి చూడు. కుడి వైపు నిలబడి చూస్తే క్రాంకు గడియారం దిశలో తిరుగుతుంది, పాదం కింద పెడల్ మాత్రం సమంగానే ఉంటుంది. అంటే క్రాంకుతో పోలిస్తే పెడల్ ఎదురు దిశలో తిరుగుతోంది. బేరింగు రాపిడి ఇరుసును లాగేది కూడా ఆ ఎదురు దిశలోనే. కుడి పెడల్‌కు మామూలు త్రెడ్డు కాబట్టి రాపిడి దాన్ని వదులు చేయాలి, బిగించకూడదు. అయినా వదులవదు.

స్పానర్_సుబ్బు
మరి ఎందుకు వదులవదు సార్?

ల్యాబ్_కోటు
ప్రిసెషన్. పిడికిలి వదులుగా మూసి అందులో పెన్సిలు పెట్టు. పైకొసను వేలితో పట్టుకుని గుండ్రంగా ఊపు. నువ్వు ఊపే దిశకు ఎదురు దిశలో పెన్సిలు తన చుట్టూ తాను తిరుగుతుంది. త్రెడ్డు ఎంత బిగించినా వెంట్రుక వాసి సందు ఉంటుంది, తొక్కే బరువు ఇరుసు చుట్టూ తిరుగుతూ ఉంటే ఇరుసు ఆ సందులో దొర్లుతుంది. ఈ దొర్లుడు బేరింగు రాపిడి కంటే చాలా బలమైనది. అందుకే కుడికి మామూలు త్రెడ్డు, ఎడమకు రివర్స్.

స్పానర్_సుబ్బు
పెన్సిలు తిరిగింది. మా ఆవిడ వింతగా చూస్తోంది.

సిద్దిపేట_చిన్నోడు
సార్, ఇది మీ పుస్తకంలో ఉందా?

ల్యాబ్_కోటు
సైకిల్ షాపులో ఉంది. నవ్వకండి.

కాకినాడ_కాజా
రైస్ కుక్కర్ వంతు. నాగమణి అక్క చెప్పినట్టు ముందు బొమ్మ గీశాను. అన్నం ఉడకగానే మీట టక్కుమని పైకి లేస్తుంది కదా, ఇస్త్రీ పెట్టెలో ఉన్నట్టు రెండు లోహాల పట్టీ, అంటే బైమెటల్, వంగి స్విచ్చును నెడుతుందని గీశాను.

మిషిగన్_బావ
బైమెటలే. అన్ని థర్మోస్టాట్లూ అంతే.

వైండింగ్_బాబాయ్
కాదు బావగారూ, అయస్కాంతం.

మిషిగన్_బావ
అన్నం ఉడికిందని అయస్కాంతానికి ఎలా తెలుస్తుంది బాబాయ్?

కాకినాడ_కాజా
విప్పాను. ఇద్దరూ కరెక్టే! హీటర్ ప్లేటు మధ్యలో స్ప్రింగు మీద ఆడే గుండ్రటి బొత్తాం ఉంది, గిన్నె అడుగు దానికి ఆనుతుంది. దాని లోపల నల్లటి బిళ్ల, కింద అయస్కాంతం. మీట నొక్కితే అయస్కాంతం పైకి వెళ్లి బిళ్లకు అతుక్కుంటుంది. పక్కన ఇంకోచోట చిన్న బైమెటల్ పట్టీ కూడా ఉంది, అది అన్నం వెచ్చగా ఉంచే లైనుదిలా ఉంది. ఆ నల్ల బిళ్ల ఏంటి?

ల్యాబ్_కోటు
ఫెరైట్, అయస్కాంతానికి అతుక్కునే పింగాణీ లాంటి పదార్థం. మాంగనీసు, జింకు పాళ్లు మార్చి ఏ వేడి దగ్గర అయస్కాంతానికి అతుక్కోవడం మానేయాలో ముందే నిర్ణయించి చేస్తారు. దాన్నే క్యూరీ ఉష్ణోగ్రత అంటారు, కుక్కర్లలో సుమారు 103 డిగ్రీలు. ఇప్పుడు అసలు తెలివి చూడు. గిన్నెలో నీళ్లున్నంతసేపూ అడుగు 100 దగ్గరే ఆగుతుంది, ఎంత కరెంటు ఇచ్చినా ఆ వేడంతా ఆవిరి చేయడానికే పోతుంది. బియ్యం నీళ్లు పీల్చేశాక పైకి వెళ్లకుండా ఆపేది ఏమీ లేదు. 103 దాటగానే బిళ్ల పట్టు వదిలేస్తుంది, స్ప్రింగు మీటను తోసేస్తుంది. టైమరు లేదు, చిప్పు లేదు. గుప్పెడు బియ్యమైనా గిన్నెడైనా సరైన సమయానికే ఆగుతుంది.

నట్టుబోల్టు_నాగమణి
అన్నం అయిన వెంటనే మీట మళ్లీ నొక్కి చూడండి, నిలవదు. బిళ్ల చల్లారితేనే అతుక్కుంటుంది. మా అత్తగారు దీన్ని "మొండికేసింది" అంటారు.

మిషిగన్_బావ
సరే, ఒప్పుకున్నా. హైదరాబాదులో నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి కదా, అక్కడ తేడా రాదా?

ల్యాబ్_కోటు
రాదు. నీళ్లు ఏ వేడి దగ్గర మరిగినా అవి అయిపోయాకే 103 వస్తుంది.

సిద్దిపేట_చిన్నోడు
సార్ ఇప్పుడు అందరికంటే ఎక్కువ విప్పుతున్నారు.

పాత_పంపు
మా ఊళ్లో సీలింగ్ ఫ్యాన్ కండెన్సర్ పోతే కర్రతో రెక్కను తోసేవాళ్లం. ఏ వైపు తోస్తే ఆ వైపే తిరిగేది. ఎందుకో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

ల్యాబ్_కోటు
ఇంటికొచ్చే సింగిల్ ఫేజ్ కరెంటుకు సొంతంగా దిశ లేదు. కాయిల్ ముందుకూ వెనక్కూ ఒకే గీత మీద లాగుతుంది, మోటారు ఎటు పోవాలో తేల్చుకోలేక మూలుగుతూ ఉంటుంది. ఎవరైనా తోస్తే ఆ వైపు పట్టు దొరుకుతుంది. అందుకే రెండో వైండింగ్ పెట్టి, దానికి 2.5 మైక్రోఫారడ్ కండెన్సర్ తగిలిస్తారు. ఆ వైండింగులో కరెంటు మొదటిదాని కంటే ముందుగా నడుస్తుంది, ఆ ముందు వెనకల వల్ల అయస్కాంత క్షేత్రం తిరగడం మొదలవుతుంది. కండెన్సర్‌ను ఒక వైండింగు నుంచి ఇంకోదానికి మారిస్తే ఫ్యాన్ ఎదురు తిరుగుతుంది. వయసు మీద పడి కండెన్సర్ సత్తువ తగ్గితే ఫ్యాన్ నెమ్మదిస్తుంది.

ఇంకొకటి, విప్పకుండానే చెయ్యొచ్చు. ఫ్యాను మీద 380 ఆర్‌పీఎం అని రాసి ఉందనుకోండి. లోపల ఎన్ని పోల్స్, అంటే కాయిళ్లు చేసే అయస్కాంత ధ్రువాలు, ఉన్నాయి? 50 హెర్ట్జ్‌కు 16 పోల్స్ అయితే క్షేత్రం నిమిషానికి 375 చుట్లే తిరుగుతుంది. ఇలా తిరిగే క్షేత్రం వెంట నడిచే ఇండక్షన్ మోటారు దాన్ని దాటలేదు, అందుకే 16 కాదు. 14 అయితే 428. అంటే 14 పోల్స్, 11 శాతం స్లిప్, అంటే క్షేత్రం కంటే ఫ్యాను అంత వెనకబడుతుంది.

కాకినాడ_కాజా
సార్, అయితే మిక్సీ 18,000 చుట్లు ఎలా తిరుగుతోంది? రెండు పోల్స్‌కు కూడా 3,000 దాటదు కదా.

వైండింగ్_బాబాయ్
శభాష్! అందుకే మిక్సీలో కార్బన్లు, అంటే తిరిగే భాగానికి ఆనుకుని కరెంటు అందించే ముక్కలు, ఉంటాయి. అది ఇండక్షన్ మోటారు కాదు. ఆర్మేచర్‌కూ, అంటే లోపల తిరిగే కాయిల్‌కూ, బయటి కాయిల్‌కూ ఒకే కరెంటు వరసగా పోతుంది. ఏసీలో దిశ మారినప్పుడు రెండూ కలిసే మారతాయి, అందుకని తిరిగే వైపు మాత్రం మారదు. 50 హెర్ట్జ్‌తో దానికి పని లేదు, లోడు లేకపోతే స్పీడు ఇంకా పెరుగుతుంది. ఆ కీచు గోల, మాడు వాసన, కార్బన్ అరుగుడు అన్నీ ఆ స్పీడు కోసం కట్టే సుంకం. వెట్ గ్రైండర్‌కు అంత స్పీడు అక్కర్లేదు, అందులో ఇండక్షన్ మోటారు పెట్టి స్పీడు తగ్గించి రాయి తిప్పుతారు. అందుకే అది ఓ మూల మెల్లగా రుబ్బుకుంటూ పోతుంది.

టైలర్_మావయ్య
మొదట అడిగిన కుట్టు మిషన్ సంగతి అందరూ వదిలేశారు. సూదిని దగ్గరగా చూడమ్మా. ఒక వైపు పొడుగు గాడి ఉంటుంది, ఎదురు వైపు కంటికి పైన చిన్న గుంట ఉంటుంది. సూది పూర్తిగా కిందికి దిగి, రెండు మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. గాడి వైపు దారం గాడిలో దాక్కుంటుంది. రెండో వైపు దారాన్ని గుడ్డ పట్టేస్తుంది, పైకి రాలేక గుంట దగ్గర ఉబ్బి లూపు అవుతుంది. సరిగ్గా ఆ క్షణానికి షటిల్ ముక్కు వచ్చి ఆ లూపులో దూరుతుంది. లూపును పెద్దది చేసి, కింది దారం చుట్టిన బాబిన్ మొత్తాన్ని దాటిస్తుంది. అంటే సూది అవతలికి పోదు, బాబినే లూపులోంచి అవతలికి పోతుంది. తర్వాత పైన టేకప్ మీట మిగిలిన దారాన్ని లాగేస్తుంది.

సూది తిరగేసి పెడితే గుంట తప్పు వైపుకు వస్తుంది, ఒక్క కుట్టు పడదు. మిషన్ పాడైందని నా దగ్గరికి తెచ్చేవాటిలో చాలావరకు ఇవే. సూది సరిగ్గా పెట్టి ఇచ్చేస్తాను.

నట్టుబోల్టు_నాగమణి
మావయ్యా, ఇంత వివరంగా మా ప్రొఫెసర్లు కూడా చెప్పలేదు. సూది గుంట సంగతి నాకు కొత్త.

సిద్దిపేట_చిన్నోడు
విప్పడమే కాదు, కదలికను ఊరికే చూసినా వస్తుంది. ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం గారు చదివింది ఆరో తరగతి. పోచంపల్లి చీరకు ఆసు పోయడంలో, అంటే రంగులద్దే ముందు నూలును మేకుల చుట్టూ తిప్పడంలో, తల్లి భుజం నొప్పి చూసి యంత్రం చేయాలని పట్టుబట్టారు. అన్నీ కుదిరాక ఒక కదలిక దగ్గర ఆగిపోయారు. హైదరాబాదులో వేరే పని మీద ఉండగా ఇంకేదో యంత్రంలో అదే కదలిక కనిపించింది. 1999లో ఆసు యంత్రం తయారైంది, 2017లో పద్మశ్రీ ఇచ్చారు.

ల్యాబ్_కోటు
అయితే ఆయనకు ఏం వెతుకుతున్నారో ముందే తెలుసు. నేను మొదటి నుంచీ అంటున్నదీ అదే.

సిద్దిపేట_చిన్నోడు
పుస్తకం చదివి తెలుసుకోలేదు కదా సార్. అమ్మను చూసి తెలుసుకున్నారు.

హార్న్_ప్లీజ్
వీళ్లిద్దరికీ సిరీస్‌లో ఒక బల్బు పెట్టండి.

పాత_పంపు
కాజా, అమ్మగారిని బుట్టలో వేసుకోవాలంటే విప్పే పని లేని లెక్క ఒకటి చెప్తాను. ప్రెషర్ కుక్కర్ విజిల్ కూర్చునే గొట్టం రంధ్రం 3 మిల్లీమీటర్లు అనుకో, వైశాల్యం 0.07 చదరపు సెంటీమీటర్లు. లోపల పీడనం చదరపు సెంటీమీటరుకు 1 కిలో అయితే విజిల్‌ను తోసే బలం 70 గ్రాములు. అంటే విజిల్ బరువు 70 గ్రాముల దగ్గర ఉండాలి. వంటింటి తూకంలో పెట్టి చూడు. పిన్నీసుతో గొట్టం శుభ్రం చేయమని అమ్మలు ఎందుకు పోరుతారో కూడా తెలుస్తుంది, రంధ్రం మూసుకుపోతే ఆ లెక్కే ఉండదు.

కాకినాడ_కాజా
రంధ్రం వెర్నియర్‌తో కొలిచి, విజిల్ బంగారం తూచే చిన్న మిషన్‌లో పెట్టాను. మీ లెక్కకు దగ్గరగానే వచ్చింది. అమ్మ పక్కనే నిలబడి చూసింది. "ఇదేనా చదువు" అనకుండా "సేఫ్టీ వాల్వ్ సంగతి కూడా చెప్పు" అంది. మూత మీద కరిగే లోహం బిళ్ల చూపించాను. ఆవిరి పోయే దారి మూసుకుపోయి వేడి మరీ పెరిగితే అది కరిగి దారి ఇస్తుందని చెప్పాను. నాగమణి అక్క కప్లర్ కథే కదా ఇది కూడా.

మిక్సీ కూడా విప్పాను. కార్బన్లు ఒకటి గోరంత, ఒకటి అసలే లేదు. కొత్తవి వేస్తే పని చేస్తుందా? సిరీస్ బోర్డులో బల్బు వెలగడం లేదు.

వైండింగ్_బాబాయ్
కార్బన్ లేకపోతే కరెంటు దారే లేదు, బల్బు ఎలా వెలుగుతుంది? ముందు కమ్యుటేటర్, అంటే కార్బన్లు ఆనే చక్రం, దాని రాగి పట్టీల మధ్య పేరుకున్న నల్ల పొడి బ్రష్షుతో దులుపు. షాపుకు వెళ్లేటప్పుడు మిగిలిన కార్బన్ ముక్కనూ, స్ప్రింగునూ పట్టుకెళ్లు, మోడల్ పేరు చెప్తే ఏదో ఒకటి చేతిలో పెడతారు. వేశాక జారు పెట్టకుండా కాసేపు ఖాళీగా తిప్పు, కొత్త కార్బన్ మొహం కమ్యుటేటర్ వంపుకు అరగాలి. మొదట్లో చిన్న నిప్పురవ్వలు వస్తాయి, తగ్గిపోతాయి. కమ్యుటేటర్ చుట్టూ వలయంలా మంట కనిపిస్తే వెంటనే ఆపు, ఆర్మేచర్ పోయినట్టు.

స్పానర్_సుబ్బు
మిక్సీ తిరిగితే పచ్చడి ఫొటో పెట్టాలి, ముక్కల ఫొటో కాదు. ల్యాబ్_కోటు గారి రూలు.

ల్యాబ్_కోటు
ఫొటోతో పాటు ఒక ప్రశ్న కూడా. మిక్సీ కార్బన్ స్ప్రింగు బలం తగ్గితే ఏమవుతుంది, మరీ ఎక్కువైతే ఏమవుతుంది? రేపటికి రాసి పెట్టు కాజా. మార్కులు లేవు.